ధర వినిపిస్తుందా? ఖరీదైన శ్రవణ పరికరాలు, సంశయశీలి శ్రోత: పల్నాటి పద్య, గాథా సంప్రదాయాల నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఖరీదైన ధ్వని పరికరాలు సామాన్యమైన వాటికంటే స్పష్టంగా మెరుగ్గా వినిపిస్తాయన్న వాదం పరికరాల సమీక్షల్లో తరచు కనిపిస్తుంది. ఆ వాదాన్ని పూర్తిగా కొట్టివేసే సంశయవాదం కూడా అంతే బలంగా ఉంది. ఈ రెండు పక్షాల సాక్ష్యాలను ప్రమాణశాస్త్ర పరిభాషతో పరిశీలించి, సంశయశీలి అయిన శ్రోత తీర్పుకు గల విలువను, పరిమితిని నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యం. పల్నాటి పద్యనాటకం, వీరగాథాగానం ఆధారంగా, పరికరాల మధ్య భేదం ఎక్కడ నిజంగా చెవికి అందుతుందో, ఎక్కడ అందదో వివరించి, మౌఖిక సాహిత్య పరిశోధకులకు దాని ప్రయోజనాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: శ్రవణం, ప్రత్యక్ష ప్రమాణం, ఉపాధి, సంశయం, పద్యనాటకం, పల్నాటి వీరగాథ, క్షేత్ర ధ్వనిముద్రణ.

1. ప్రవేశిక

పల్నాడు తన చరిత్రను చదువుకన్న ముందు వినికిడితో నిలుపుకొన్న సీమ. కారెంపూడి వీరుల గుడి దగ్గర కార్తికంలో సాగే వీరారాధన, వీరవిద్యావంతుల గాథాగానం, మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మీద మోగే మైకులు, ఊరూరా ఆడిన పౌరాణిక నాటకాలు ఈ ప్రాంత శ్రోతకు చెవి తర్ఫీదునిచ్చాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో, వినుకొండ నియోజకవర్గంలో ఉన్న నూజెండ్ల మండలం ఈ శ్రవణ సంస్కృతికి దూరమైనది కాదు. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువా శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటక ప్రదర్శనల్లోకి ప్రవేశించి, పుస్తకం పట్టని వారి నోట కూడా నిలిచాయి. కరుణశ్రీ పుష్పవిలాపం ఘంటసాల గొంతులో రికార్డుగా వెలువడి, బూర మైకుల ద్వారా పెళ్లిపందిళ్లకూ, సభలకూ చేరింది.

ఈ చరిత్రలో ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఆ శ్రోతలు విన్న పరికరాలు నేటి ప్రమాణాలతో చూస్తే చాలా నాసివి. అయినా వారు పద్యాన్ని అనుభవించారు, గాయకుల తరతమ భేదాన్ని గుర్తించారు, నచ్చినచోట వన్స్‌మోర్ అన్నారు. అటువంటప్పుడు లక్షల రూపాయల పరికరం అదనంగా ఇచ్చేది ఏమిటి? నమ్మకం లేని శ్రోత ముందు పెట్టినా ఆ అదనం నిలుస్తుందా? ఈ ప్రశ్న సంపన్నుల వినోదానికి మాత్రమే సంబంధించినదిగా తోచవచ్చు. కాని మౌఖిక సాహిత్యాన్ని ముద్రించి, విని, రాసుకొని సిద్ధాంత గ్రంథంగా మలిచే పరిశోధకునికి ఇది తన ఆధారం విశ్వసనీయతకు సంబంధించిన ప్రశ్న. పరికరానికి వెచ్చించే సొమ్ము క్షేత్రపర్యటనకు వెచ్చించవలసిన సొమ్ములోనుంచే రావాలి.

2. వాదస్వరూపం: వ్యాప్తి, ఉపాధి

ఖరీదైన పరికరాల పక్షం వాదాన్ని అనుమాన రూపంలో పెడితే, ఎక్కడెక్కడ ధర అధికమో అక్కడక్కడ శ్రావ్యత అధికం అన్న వ్యాప్తి ఏర్పడుతుంది. దానికి చూపే ఆధారం ప్రత్యక్షం: ‘విన్నాం, తేడా తెలిసింది’ అన్న మాట. న్యాయశాస్త్రం ఈ రెండింటినీ పరీక్షించే సాధనాలను ఎప్పుడో సమకూర్చి పెట్టింది.

మొదటిది ఉపాధి. ఎక్కడ నిప్పు ఉంటే అక్కడ పొగ ఉంటుందన్న వ్యాప్తి చెల్లదని నైయాయికులు చెప్పారు. పొగకు కారణం ఒట్టి నిప్పు కాదు, పచ్చికట్టెతో నిప్పు కూడిక. ఆ పచ్చికట్టె ఉపాధి. ధరకూ శ్రావ్యతకూ మధ్య కూడా ఇటువంటి ఉపాధులు అనేకం. ఖరీదైన పరికరాన్ని కొన్నవారు గదిని సర్దుకుంటారు, స్పీకర్లను సరైన చోట నిలుపుతారు, మంచి ముద్రణలను ఎంచుకుంటారు, ఓపికగా కూర్చుని వింటారు. అన్నిటికంటే ముఖ్యమైనది శబ్దస్థాయి. రెండు పరికరాల్లో ఒకటి అతి స్వల్పంగా బిగ్గరగా మోగినా, చెవి దాన్ని బిగ్గర అని గుర్తించక మెరుగు అని గుర్తిస్తుంది. అందుకే జాగ్రత్తగా చేసే పోలికల్లో రెండింటి స్థాయిని ఇంచుమించు 0.1 డెసిబెల్ లోపు సమం చేస్తారు. దుకాణంలో జరిగే పోలికలో ఈ నియమం పాటించడం అరుదు.

రెండవది ప్రత్యక్ష లక్షణం. గౌతముని న్యాయసూత్రం ప్రత్యక్షాన్ని ఇంద్రియార్థ సన్నికర్షం వల్ల పుట్టిన జ్ఞానంగా చెప్పి, దానికి అవ్యపదేశ్యం, అవ్యభిచారి, వ్యవసాయాత్మకం అన్న విశేషణాలను చేర్చింది. వీటిలో అవ్యపదేశ్యం అన్న పదానికి వ్యాఖ్యాతలు భిన్న వివరణలు ఇచ్చినా, పేరు మూలంగా వచ్చే జ్ఞానాన్ని ఇంద్రియం మూలంగా వచ్చే జ్ఞానంనుంచి వేరుచేయవలసిన అవసరం అందులో స్పష్టం. పరికరం మీది కంపెనీ పేరు, ధరచీటీ, లోహపు మెరుపు వ్యపదేశాలు. వాటిని చూస్తూ విన్నప్పుడు కలిగిన జ్ఞానంలో చెవి వాటా ఎంతో, పేరు వాటా ఎంతో శ్రోతకే తెలియదు. శ్రోత అబద్ధం చెబుతున్నాడని దీని అర్థం కాదు. అతనికి తేడా నిజంగానే వినిపిస్తుంది. ఆ తేడా పుట్టిన చోటు మాత్రమే సందిగ్ధం.

3. తెర వెనుక పరీక్షల సాక్ష్యం

వ్యపదేశాన్ని తొలగించి వినే పద్ధతికి శతాబ్దపు చరిత్ర ఉంది. 1915 నుంచి 1925 వరకు ఎడిసన్ కంపెనీ అమెరికాలో నిర్వహించిన ప్రదర్శనల్లో గాయకులు వేదికపై పాడుతూ, నడుమ ఆగి, తమ పాటను డిస్కుకు అప్పగించేవారు. దీపాలు ఆర్పినప్పుడు పాడుతున్నది మనిషో యంత్రమో ప్రేక్షకులు చెప్పలేకపోయారని కంపెనీ ప్రచారం చేసుకుంది. ఇందులో ఒక మెలిక ఉంది. గాయకులు తమ గొంతును యంత్రం ధోరణికి తగ్గించి పాడారు. అంటే యంత్రం మనిషిని చేరలేదు, మనిషే యంత్రం దగ్గరికి దిగివచ్చాడు. తెర ఉన్నంతమాత్రాన పరీక్ష నిష్పాక్షికం కాదని ఈ ఉదాహరణ చెబుతుంది.

కచ్చితమైన పద్ధతి తరువాత రూపొందింది. 1982లో డేవిడ్ క్లార్క్ వివరించిన ఏబీఎక్స్ పద్ధతిలో ఎ, బి అనే రెండు పరికరాలను శ్రోత వింటాడు. ఎక్స్ ఆ రెండింటిలో ఏదో ఒకటి. అది ఏదో శ్రోతకూ తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. 1987 జనవరిలో స్టీరియో రివ్యూ పత్రిక 220 డాలర్ల రిసీవర్ మొదలు 12,000 డాలర్ల వాల్వు ఆంప్లిఫయర్ల దాకా పోల్చి చూసింది. శ్రోతల్లో తేడాలు ఉన్నాయని నమ్మేవారు, నమ్మనివారు ఇరువురూ ఉన్నారు. మొత్తం ఫలితం బొమ్మాబొరుసుకు దగ్గరగానే తేలింది. 2007లో మేయర్, మోరన్ ప్రకటించిన పరీక్షలో అధిక సాంద్రత గల ధ్వనిని సీడీ స్థాయికి దించినప్పుడు తేడా తెలుస్తుందా అని చూశారు. 554 ప్రయత్నాల్లో సరైన సమాధానాలు 276. అంటే 49.8 శాతం.

స్పీకర్ల విషయంలో కథ వేరు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 40 మంది శ్రోతలతో నాలుగు స్పీకర్లను చూస్తూ వినిపించి ఒకసారి, తెర వెనుకనుంచి వినిపించి మరొకసారి తీర్పులు సేకరించారు. చూస్తూ విన్నప్పుడు పెద్దవి, అందమైనవి ఎక్కువ మార్కులు పొందాయి. చిన్నది, చౌకది వెనుకబడింది. తెర వేయగానే ఆ అంతరం బాగా తగ్గింది. అయినా స్పీకర్ల మధ్య భేదమే లేదని ఆ పరీక్ష చెప్పలేదు. భేదం ఉంది, దాని వరుస ధర వరుసతో కలవలేదు. ఇదే ధోరణి వాయిద్యాల్లోనూ కనిపించింది. 2012లో క్లోడియా ఫ్రిట్జ్ బృందం 21 మంది వయొలిన్ విద్వాంసులకు కళ్లు కనబడని ఏర్పాటుతో మూడు పాత ఇటాలియన్ వయొలిన్లు, మూడు కొత్తవి ఇచ్చినప్పుడు, ఎక్కువమంది కొత్తవాటినే మెచ్చారు. పాతవాటిలో రెండు స్ట్రాడివేరియస్ పనితనం.

4. సంశయశీలి పక్షపాతం

ఇంతవరకు చూసిన సాక్ష్యం సంశయవాదికి విజయంగా కనిపిస్తుంది. అయితే విమర్శ ఇక్కడ ఆగితే అది సగం విమర్శే. సంశయం కూడా ఒక పూర్వనిశ్చయం కావచ్చు. తేడా ఉండదని ముందే తీర్మానించుకున్న శ్రోత శ్రద్ధగా వినడు. తెర వేసినా అతని అశ్రద్ధ తొలగదు. నమ్మేవాడు లేని తేడాను విన్నప్పుడు తెర అతణ్ణి పట్టిస్తుంది, ఎందుకంటే అతని సమాధానాలు తప్పుతాయి. నమ్మనివాడు ఉన్న తేడాను వినకుండా తోచిన సమాధానం చెబితే 50 శాతం వస్తుంది. తేడా లేనప్పుడు వచ్చేదీ ఆ 50 శాతమే. తెర మొదటి దోషాన్ని మాత్రమే పట్టగలదు.

గణితం కూడా ఈ మాటనే బలపరుస్తుంది. వాడుకలో ఉన్న నియమం ప్రకారం 16 ప్రయత్నాల్లో 12 సరైనవి వస్తే తేడా విన్నట్టు ఒప్పుకుంటారు. ఏమీ వినకుండా ఊహించేవాడు ఆ గీతను దాటే అవకాశం 100కు 4 లోపు. ఇది మంచి రక్షణే. కాని స్వల్పమైన తేడాను నిజంగా వింటూ, సగటున 60 శాతం సరిగా చెప్పగల శ్రోత అదే గీతను దాటే అవకాశం ఆరింట ఒకటి మాత్రమే. అంటే నిజంగా వినగలిగినవాడు సైతం ఆరుసార్లు పరీక్షకు కూర్చుంటే ఐదుసార్లు ఓడిపోతాడు. ‘నిరూపణ కాలేదు’ అన్నదాన్ని ‘లేదు’గా మార్చి చెప్పడం సంశయవాదుల రచనల్లో తరచు కనిపించే దోషం. అనుపలబ్ధి అభావానికి ప్రమాణం కావాలంటే, ఆ వస్తువు ఉండి ఉంటే తప్పక కనిపించేది అన్న యోగ్యత ఉండాలని మన శాస్త్రకారులు నియమం పెట్టారు. చీకటిగదిలో కుండ కనిపించనంతమాత్రాన కుండ లేదని చెప్పరాదు.

2016లో జాషువా రీస్ 18 ప్రయోగాలను, 400 మందికి పైగా శ్రోతలను, 12,500కు మించిన ప్రయత్నాలను కలిపి లెక్కించినప్పుడు అధిక సాంద్రత గల ధ్వనిని గుర్తించడంలో సరైన సమాధానాలు 52.3 శాతంగా తేలాయి. తర్ఫీదు పొందిన శ్రోతల్లో అది 60 శాతం దరికి చేరింది. తెలిసినప్పుడు సరిగా చెప్పి, తెలియనప్పుడు ఊహిస్తారనుకుంటే, 52.3 శాతం అంటే ఇంచుమించు 22 సార్లకు ఒకసారి మాత్రమే తేడా తెలిసినట్టు. 60 శాతం అంటే ఐదింట ఒకసారి. ‘తేడా ఏమీ లేదు’ అన్న సంశయవాది దీనివల్ల ఓడిపోయాడు. ‘తెర తొలగినంత తేడా’ అన్న భక్తుడూ ఓడిపోయాడు. ఐదింట నాలుగుసార్లు అందని భేదాన్ని స్పష్టమైన భేదం అనలేం.

కాబట్టి సంశయశీలి తీర్పుకు విలువ రావాలంటే అతనికీ పరీక్ష పెట్టాలి. తేడా నిశ్చయంగా ఉన్న జతలను నడుమ నడుమ చెప్పకుండా కలిపి, వాటిని గుర్తించలేని శ్రోత సమాధానాలను పక్కన పెట్టాలి. ధ్వని నాణ్యతా పరీక్షల్లో తెలిసి నాసిరకం చేసిన నమూనాను దాచి వినిపించే పద్ధతి ఇప్పటికే స్థిరపడింది. కుండ ఉంటే కనబడేంత వెలుతురు గదిలో ఉందని ముందు నిర్ధారించుకోవడమే దీని సారం.

5. విమర్శ పరిభాష

ఈ చర్చ సాహిత్య విమర్శకు పరాయిది కాదు. 1929లో వెలువడిన ప్రాక్టికల్ క్రిటిసిజం గ్రంథంలో ఐ. ఎ. రిచర్డ్స్ చేసింది ఇటువంటి పనే. కేంబ్రిడ్జిలో 13 కవితలను కవుల పేర్లు లేకుండా విద్యార్థులకిచ్చి, వారి వ్యాఖ్యలను విశ్లేషించాడు. పేరు తొలగగానే, పేరు ఆధారంగా నిలిచిన తీర్పులు చెదిరిపోయాయి. కవి పేరు ధరచీటీలాగా పనిచేస్తుందని ఆ ప్రయోగం చూపింది.

పరికరాల సమీక్షల్లో కనిపించే పదజాలం ఈ దృష్టితో పరిశీలించదగినది. తెర తొలగినట్టు, గాలి ఆడినట్టు, వెచ్చగా, నల్లని నిశ్శబ్దంలోంచి అన్న మాటలు అక్కడ అలంకారాలుగా కాక లక్షణాలుగా చలామణి అవుతాయి. వీటితో పల్నాటి నాటక శ్రోత వాడిన మాటలను పోల్చవచ్చు: కంచు కంఠం, జీర గొంతు, బొంగురు, గొంతు ఖంగుమంది, మాట మింగాడు, శ్రుతి తప్పాడు. ఇవీ చాలావరకు రూపకాలే. కాని ఒక భేదం ఉంది. వేర్వేరుగా కూర్చున్న ఇద్దరు శ్రోతలు నటుని పేరు తెలియకుండానే జీర గొంతును జీర గొంతుగా గుర్తించగలరు. మాట మింగినచోట వేలుపెట్టి చూపగలరు. విమర్శ పదానికి ఉండవలసిన కనీస యోగ్యత ఇదే: పేరు తీసివేసినా ఆ పదం వస్తువును అంటిపెట్టుకొని ఉండాలి. పేరుతోపాటు రాలిపోయే పదం స్తుతి అవుతుంది, విమర్శ కాదు.

6. పద్యం, మైకు, అక్షరం

ఇక భేదం నిజంగా వినిపించే చోటు ఏది? పద్యనాటకం దీనికి మంచి ఉదాహరణ. మైకు రాకముందు నటుడు చివరి వరుసకు గొంతు విసిరేవాడు. 78 వేగపు గ్రామఫోను రికార్డు వచ్చాక, పది అంగుళాల డిస్కు ఒక పక్క సుమారు మూడు నిమిషాల్లో పద్యాన్నీ రాగాలాపననూ ఇమిడ్చాడు. 1925 ప్రాంతంలో విద్యుత్ ముద్రణ రాకముందు, గాయకుడు గరాటులోకి పాడిన కాలంలో, ధ్వనిలోని పై స్థాయులు చాలావరకు ముద్రణకే ఎక్కలేదు. ఆ తరువాత ఊళ్లలోకి వచ్చిన బూర మైకు దూరానికి చేర్చడంలో మేటి. కాని అది కింది స్థాయులనూ, బాగా పై స్థాయులనూ కోసివేస్తుంది.

ఈ కోతకు సాహిత్య పరిణామం ఉంది. అచ్చుల బలం ఎక్కువగా కింది, మధ్య స్థాయుల్లో ఉంటుంది. ఊష్మాల గుర్తింపు పై స్థాయుల్లో ఉంటుంది. స కారపు ధ్వనిశక్తి ఎక్కువగా 4,000 హెర్ట్జ్‌కు పైన, శ కారపుది దానికి కొంత దిగువన కేంద్రీకృతమవుతుంది. 3,400 హెర్ట్జ్ దగ్గర కోసివేసే పాత టెలిఫోనులో స కారం మసకబారడానికి ఇదే కారణం. పద్యంలో ప్రాస హల్లు మీద నిలుస్తుంది. యతిమైత్రి అక్షరం మీద నిలుస్తుంది. హల్లు మసకబారితే రాగం మిగులుతుంది గాని పద్యశిల్పం చెవికి అందదు. కథ తెలిసిన శ్రోత, పద్యం కంఠస్థమైన శ్రోత, ఆ లోటును జ్ఞాపకంతో పూరించుకుంటాడు. నాసి మైకులో పుష్పవిలాపం విని చలించినవారి అనుభవం బూటకం కాదు. ఆ అనుభవంలో పరికరం ఇచ్చినదానికి వారి సంస్కారం కొంత చేర్చింది. ఆనందానికి చాలిన పరికరం అక్షర నిర్ణయానికి చాలకపోవచ్చు. పరికరాల చర్చలో ఎక్కువ గందరగోళం ఈ రెండు ప్రయోజనాలను కలిపివేయడం వల్ల పుట్టింది.

దీన్నిబట్టి భేదాల తారతమ్యం తేలుతుంది. బూర మైకుకూ మంచి స్పీకరుకూ మధ్య భేదం ఎంతటి సంశయశీలికైనా తెర వెనుకనుంచి తెలుస్తుంది. శక్తికి మించి మోగించిన ఆంప్లిఫయరు చీలిన ధ్వని కూడా తెలుస్తుంది. స్పీకరు నిలిపిన చోటు, గది గోడల ప్రతిధ్వని తెలుస్తాయి. శక్తి చాలిన రెండు మంచి ఆంప్లిఫయర్ల మధ్య, సరిగా పనిచేసే రెండు తీగల మధ్య మాత్రం భేదం తేలదు. మార్కెట్లో ధరల పెరుగుదల ఈ తారతమ్యాన్ని అనుసరించదు. తొలి మెట్లలో డబ్బు వినిపిస్తుంది. పై మెట్లలో కనిపిస్తుంది.

7. పరిశోధకుని పక్షం

పల్నాటి వీరుల కథ మీద జీన్ రోఘైర్ చేసిన ప్రసిద్ధ అధ్యయనం 1982లో వెలువడింది. గాయకుని నోట విన్న కథను టేపు మీదికి ఎక్కించి, దాన్నుంచి పాఠాన్ని తీసి అనువదించిన గ్రంథమది. ఆ తరం టేపు యంత్రం సాంకేతిక స్థాయిని నేటి సాధారణ డిజిటల్ రికార్డరు దాటివేసింది. 16 బిట్ల ముద్రణ సిద్ధాంతరీత్యా 96 డెసిబెల్‌ల వ్యాప్తిని ఇస్తుంది. భద్రపరిచే నిమిత్తం ధ్వని భాండాగారాలు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ కనీసంగా కోరతాయి. ఇప్పుడు మామూలు ధర రికార్డర్లలోనూ ఆ సదుపాయం ఉంది.

నూజెండ్లలో గాని, కారెంపూడిలో గాని ఒక గాయకుని గాథను ముద్రించబోయే పరిశోధకుని ముందున్న అసలు అవరోధాలు వేరు. ఆరుబయట మైకుకు ఉన్న దూరం రెట్టింపైతే గొంతు స్థాయి సుమారు 6 డెసిబెల్‌లు పడిపోతుంది. చుట్టూ ఉన్న సద్దు పడిపోదు. తిరుగుతున్న ఫ్యాను, మైకుకు తగిలే గాలి, రోడ్డు మీది ట్రాక్టరు, పక్కనే మోగే పంబ అక్షరాన్ని మింగుతాయి. మైకును గాయకుని నోటికి మూరెడు దూరానికి తెచ్చి, గాలి తగలకుండా నురగతొడుగు వేసి, ఫ్యాను ఆపించడం వల్ల కలిగే మేలును ఏ ఖరీదైన యంత్రమూ దూరంనుంచి ఇవ్వలేదు. మంచి మైకు, చెవులను మూసివుంచే హెడ్‌ఫోను అవసరం. అంతకు మించిన సొమ్ము మరొక గాయకుణ్ణి, మరొక పాఠాంతరాన్ని వినడానికి వినియోగపడాలి.

అయినా ఈ మాటను నమ్మకం మీద తీసుకోనక్కరలేదు. ఏ కళాశాలలోనైనా పరీక్షించవచ్చు. ఒకే పద్యపఠనాన్ని రెండు రికార్డర్లతో పక్కపక్కనే ముద్రించి, స్థాయి సమం చేసి, నాణెం ఎగరవేసి క్రమం నిర్ణయించి, పద్యం తెలియని విద్యార్థులకు వినిపించాలి. ‘ఏది బాగుంది’ అని అడగక, విన్నది రాయమనాలి. నడుమ పై స్థాయులు కోసిన ముద్రణను చెప్పకుండా కలపాలి. ఏ ముద్రణనుంచి రాసిన పాఠంలో అక్షరదోషాలు ఎన్నో లెక్కిస్తే, పరికరాల తారతమ్యం శ్రోత విశ్వాసంతోనూ, సంశయంతోనూ నిమిత్తం లేకుండా బయటపడుతుంది. కోసిన ముద్రణలో దోషాలు పెరిగి, రెండు రికార్డర్ల మధ్య పెరగకపోతే, పరీక్షకు పట్టుకునే శక్తి ఉందనీ, పట్టుకోవలసిన తేడా ఆ ప్రయోజనానికి లేదనీ రెండూ ఒకేసారి తేలుతాయి.

8. ముగింపు

ఖరీదైన పరికరం మెరుగ్గా వినిపిస్తుందా అన్న ప్రశ్నకు ఏకపదంతో సమాధానం లేదు. ధర ధ్వనిని మార్చినచోట భేదం సంశయశీలికీ వినిపిస్తుంది. ధర పేరును మాత్రమే మార్చినచోట నమ్మినవాడికి చూస్తున్నంతసేపే వినిపిస్తుంది. ఈ రెండింటి నడుమ, తర్ఫీదు పొందిన చెవికి అప్పుడప్పుడు అందే సన్నని భేదాల ప్రాంతం ఒకటి ఉంది. దాన్ని కాదనడం శాస్త్రం కాదు, దాన్ని పెద్దది చేసి చెప్పడం విమర్శ కాదు. సంశయం జ్ఞానానికి ద్వారం. న్యాయదర్శనం పదహారు పదార్థాల్లో సంశయానికి స్థానమిచ్చింది. దాని తరువాత ప్రయోజనాన్ని, ఆపైన వరుసలో నిర్ణయాన్ని ఉంచింది. పరికరం ఏ ప్రయోజనానికో ముందు తేల్చుకున్న శ్రోతకే నిర్ణయం చిక్కుతుంది. పల్నాటి గాథను రాసుకునే పరిశోధకునికి ఆ ప్రయోజనం అక్షరం. ఆ అక్షరాన్ని చెవికి చేర్చినంతవరకే పరికరానికి విలువ.